సోమన్న ఏం చెప్పల్ల?

సర్కారు తరఫున నేను హైకోర్టుకు వెళ్ళింది మొత్తం ఉద్యోగంలో ఒకే ఒక్కసారి. ఆ కేసు ఓడిపోయాం. ఓడిపోవడంలో నా చెయ్యి కూడా కాస్త ఉంది. ఉద్యోగంలో ఉండగా ఈ మాట పైకి అనలేకపోయాను. ఇప్పుడు పెన్షన్ బ్యాంకులో పడుతోంది, దాన్ని ఆపే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కొత్తగా సర్కారు కుర్చీలో కూర్చున్న పిల్లలు వింటే మంచిది. వినకపోయినా నేను చెప్పక మానను.

పోలీసు శాఖ అనగానే లాఠీ, టోపీ అనుకోకండి. నేను ఆఫీసు గుమాస్తాను. మడకశిర నుంచి పరీక్ష రాసి వచ్చి, అనంతపురంలో కాగితాల మధ్య స్థిరపడ్డదాన్ని. తొంభైల చివర్లో నాకు విదేశీయుల సెక్షన్ అప్పగించారు. వేరే దేశం నుంచి వచ్చి జిల్లాలో ఉండేవాళ్ళు మా దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, గడువు తీరేలోపు పొడిగించుకోవాలి, పొడిగింపు రాకపోతే వెళ్ళిపోవాలి. ఆ సెక్షన్ ఎవరూ తీసుకోరు. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి, పైగా తప్పు చేస్తే అడిగేది ఢిల్లీ. కొత్తగా ప్రసూతి సెలవు నుంచి వచ్చి, ఎదురు మాట్లాడే బలం లేని నాకు అంటగట్టారు.

ఆ సెక్షన్‌తోపాటు నాకు సంక్రమించిన మనిషి సోమన్న.

అది అతని పేరు కాదు. అసలు పేరు చెప్పను. సొమాలియా నుంచి మా ఊరి కాలేజీలో డిగ్రీ చదవడానికి వచ్చాడు. చదువు మధ్యలో ఉండగా అక్కడ యుద్ధం మొదలై, ప్రభుత్వమే లేకుండా పోయింది. ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది, తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. 'సొమాలియా ఆయన' అనడం బరువై మా ఊరు 'సోమన్న' అని ఖాయం చేసింది. మా గది గుమ్మం దగ్గర తల వంచకుండా లోపలికి రాలేనంత పొడుగు. మొదట్లో వీధిలో పిల్లలు వెంటపడి రంగును చూసి నానా మాటలు అనేవాళ్ళట. అతను తెలుగు నేర్చుకుని తిరిగి అంతకన్నా మంచి మాటలు అనడం మొదలుపెట్టాక మానేశారట.

మా కొత్త ఇన్‌స్పెక్టరు చేరిన రోజున సోమన్న పొడిగింపు కోసం బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు కడప వైపు మనిషి, గట్టి గొంతు, కుడి చెవి కొంచెం మందం.

"ఎవురమ్మా బయట?" అన్నాడు.

"సొమాలియా సార్."

"మన జిల్లా సోమందేపల్లోడికి మన సెక్షన్‌లో ఏం పని? హైవే మింద బస్సెక్కితే ఇంటికి పోతాడు గదా, పొమ్మను."

బెంచీ మీంచే జవాబు వచ్చింది. "మా ఊరికి బస్సుంటే నేనూ ఈపాటికి పోయింటాను సార్."

ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు. ఆ మాటకూ ఆ మనిషికీ పొత్తు కుదరక కాసేపు గుమ్మంకేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు. తర్వాత "కూచోప్పా, కూచో" అన్నాడు. అప్పటికే కూర్చుని ఉన్న సోమన్న మర్యాదకు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

సోమన్న అద్దెకు ఉండేది మా ఊరి పాతూరులో ఒక ముస్లిం ఆమె ఇంట్లో. భర్త పోయాక ఇంటి ముందు గదిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీల అంగడి పెట్టుకుంది. అతను అద్దె ఇవ్వలేని రోజులు వచ్చాక ఆమె అడగడం మానేసింది. అతను పొద్దున్నే లేచి మిరపకాయలు చీల్చడం మొదలుపెట్టాడు. విద్యార్థి వీసా మీద వచ్చినవాడు పని చేయకూడదని నిబంధన. నేను ఆఫీసుకు పోతూ అక్కడే ఉగ్గాని కట్టించుకునేదాన్ని. బాణలి దగ్గర జల్లిగరిటె పట్టుకుని అంత ఎత్తున నిలబడ్డ మనిషిని నేను ఏనాడూ చూడలేదు. పొట్లం మాత్రం అతని చేత్తోనే తీసుకునేదాన్ని.

ఇలా నడిచిపోతుండగా పైనుంచి ఒక ఉత్తరువు దిగింది. గడువు మీరి ఉన్న విదేశీయులందరి సంగతీ తేల్చండి అని. సోమన్న చదువు ఎప్పుడో అయిపోయింది. పాస్‌పోర్టు చెల్లదు. కొత్తది ఇవ్వడానికి ఆ దేశానికి ప్రభుత్వమే లేదు. ఢిల్లీలో శరణార్థులను గుర్తించే ఆఫీసు ఒకటుంటే, అక్కడా అర్జీ పెట్టుకున్నాడు. "నువ్వు చదువుకోవడానికి వచ్చావు, ప్రాణభయంతో పారిపోయి రాలేదు, కాబట్టి శరణార్థివి కావు" అని తోసిపుచ్చారు. అతను విమానం ఎక్కేటప్పటికి ప్రాణభయం ఇంకా మొదలు కాలేదు. అదే అతని నేరమైంది. ఆ కాగితం చూపించి పై ఆఫీసు కూడా పొడిగింపు నిరాకరించింది. దేశం విడిచి వెళ్ళాలని నోటీసు తయారైంది.

నోటీసు ఇవ్వడానికి ఇన్‌స్పెక్టరు, నేను అంగడికి వెళ్ళాం. సోమన్న చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. సంతకం చేసి పెన్ను తిరిగి ఇచ్చాడు. ఇంటామె మాత్రం ఊరుకోలేదు.

"యాడికి పొమ్మంటాండారప్పా వాణ్ణి?"

"వాళ్ళ దేశానికమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆడ ఎవురుండారని?"

"అదంతా మాకు తెలీదు. రూలు."

"రూలుకు అమ్మానాయనా లేరా? ఉంటే తెచ్చి ఈడ కూచోబెట్టు, నేను మాట్లాడ్తా."

ఇన్‌స్పెక్టరు పోలీసు ఉద్యోగంలో చాలామందిని ఎదుర్కొన్నాడట. రూలు తల్లిదండ్రులను హాజరుపరచమన్నవాళ్ళు తగల్లేదు. "పదమ్మా" అని నాతో అని, ఆటో పిలిచాడు.

మనిషిని పంపాలంటే ఏ దారిన పంపాలో కూడా మేమే రాయాలి. ఆ పని నా మీద పడింది. అనంతపురంలో విమానం టికెట్ల సంగతి ఎవరికి తెలుసు? బస్టాండు ఎదురుగా ట్రావెల్స్ నడిపే కుర్రాయన దగ్గరికి వెళ్ళాను. "సొమాలియాకు టికెట్ కావాలి" అన్నాను.

"తిరుపతికుండాది, షిర్డీకుండాది, బెంగళూరికైతే గంటకొకటుండాది. అదెక్కడక్కా?"

ఆయన బెంగళూరు ఏజెంటుకు ఫోను కలిపాడు, ఆయన బొంబాయికి కలిపాడు. చివరికి తేలింది, ఆ రాజధానికి విమానాలు నడవడం లేదు, పక్క దేశం దాకా వెళ్ళి అక్కడి నుంచి ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. ఆ పక్క దేశం వాళ్ళు పాస్‌పోర్టు లేనివాణ్ణి దిగనివ్వరు. నేను విన్నది విన్నట్టు రాసి పెట్టాను. ఇన్‌స్పెక్టరు చదివి, "దీన్ని మనంతట మనం బయటపెట్టొద్దు, ఎవురన్నా అడిగితే మాత్రం దాచొద్దు" అన్నాడు. మొదటిసారి ఆ మనిషి నాకు నచ్చాడు.

సోమన్నకు చదువు చెప్పిన మాస్టారొకరు హైదరాబాదులో తెలిసిన వకీలమ్మ చేత హైకోర్టులో పిటిషను వేయించాడు. నిరాకరణ ఉత్తరువును కోర్టు పరిశీలించాలి, అంతవరకు మనిషిని కదిలించకూడదు, ఇదీ కోరిక. జడ్జిగారు కదిలించవద్దని చెప్పి, ఫలానా రోజున పిటిషనరు కూడా రావాలన్నారు. సర్కారు వకీలుకు ఫైలు అందించడానికి ఇన్‌స్పెక్టరు, ఫైలు మోయడానికి నేను.

విచారణకు ముందురోజు తెల్లవారుజామున బస్సెక్కాం. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను, నా పక్కన ఫైలు, దాని పక్కన ఇన్‌స్పెక్టరు. బస్సు కదలబోతుండగా తల వంచుకుని సోమన్న ఎక్కాడు. వెనక ఇంటామె. ఆమె చేతిలో మూడంతస్తుల టిఫిన్ క్యారియరు. ఖాళీ ఉన్నవి మా ముందు సీట్లే.

కేసు వేసినవాడు, కేసు పడ్డవాళ్ళు ఒకే బస్సులో. ఇన్‌స్పెక్టరు మఫ్టీలో ఉన్నాడు. పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గుత్తి దాటాక ఇంటామె క్యారియరు విప్పింది. వేడి తగ్గిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, కింది గిన్నెలో ఓళిగలు, అంటే బొబ్బట్లు. వాసన పేపరును దాటుకుని లోపలికి పోయి ఉంటుంది.

ఆమె వెనక్కి తిరిగి, "తీస్కోమ్మా" అని నాకిచ్చింది. తర్వాత పేపరు మీద వేలితో కొట్టి, "నువ్వూ తీస్కోప్పా" అంది.

"వద్దమ్మా. మేము అవతలి పార్టీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు పేపరు వెనకనుంచే.

"అవతలి పార్టీకి ఆకలి కాదా? దీంట్లో లంచమేముంది, బొరుగులే గదా."

"తినకూడదమ్మా. బాగుండదు."

సోమన్న మెల్లగా అన్నాడు. "తినండి సార్. కర్నూల్లో బస్సు పది నిమిషాలే నిల్చేది. ఆడ ఇడ్లీ చల్లగుంటాది. రేపు కోర్టులో మీకు కళ్ళు తిరిగితే మా మిందకొస్తాది."

పేపరు కిందికి దిగింది. ఆయన మొదట ఒకటి తిన్నాడు. తుంగభద్ర వంతెన దాటేసరికి క్యారియరులో ఏమీ మిగల్లేదు. చేతులు కడుక్కుని, "ఈ సంగతి ఫైల్లోకి ఎక్కించొద్దమ్మా" అన్నాడు నాతో. నవ్వాపుకోవడానికి నేను కిటికీలోకి తిరిగాను.

మర్నాడు కోర్టు. హాలు నిండా నల్లకోట్లు. మా సర్కారు వకీలు హైదరాబాదులోనే పుట్టి పెరిగినాయన. ఇంగ్లీషు, ఉర్దూ దంచేస్తాడు, తెలుగు మాత్రం అవసరం మేరకు. జడ్జిగారు గోదావరి వైపు మనిషని, వాదనల మధ్య నవ్విస్తారని ముందే విన్నాను. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మా వకీలు లేచి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈ వ్యక్తికి ఈ గడ్డతో ఏ సంబంధమూ లేదు, చదువుకోసం వచ్చి ఉండిపోయాడు, స్వదేశంలో ఇతనికి ప్రత్యేకంగా ప్రమాదముందని రుజువు లేదు. వకీలమ్మ లేచి, పంపితే ప్రాణం పోతుందంది. బతికే హక్కు ఈ దేశంలో ఉన్న ప్రతి మనిషిదీ, ఒక్క పౌరులదే కాదు అంది. కాసేపు విని జడ్జిగారు, "అతన్నే అడుగుదాం" అన్నారు.

సోమన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇంగ్లీషులో ఒక పొడుగాటి వాక్యం చెప్పాడు. స్వదేశంలో హింసకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉందని దాని అర్థం. చెప్పి ఆగాడు. తర్వాతి వాక్యం గుర్తుకు రాలేదని మొహంలోనే తెలుస్తోంది.

"ఈ వాక్యం ఎవరు నేర్పించారు?" జడ్జిగారు ఇంగ్లీషులోనే అడిగారు.

సోమన్న ఒకసారి వకీలమ్మ వైపు చూసి, కంగారులో తెలుగులోకి జారిపోయాడు. "లాయరమ్మ చెప్పించింది సార్. రాత్రంతా బట్టీ పట్టినా."

హాలంతా నవ్వింది. వకీలమ్మ తల పట్టుకుంది. జడ్జిగారు ముందుకు వంగారు.

"నీకు తెలుగు వచ్చా?"

"అదే వచ్చు సార్ బాగా."

"మీది ఏ ఊరయ్యా?"

"ఏ ఊరు చెప్పేది సార్? పుట్టిన ఊరా, ఉండే ఊరా?"

మా వకీలు 'ఈ గడ్డతో సంబంధం లేదు' అని రాసుకున్న కాగితాన్ని మెల్లగా అడుగుకు తోశాడు. నేను చూశాను.

"ఇంగ్లీషు వదిలెయ్. ఎందుకు వెళ్ళనంటున్నావో నీకు వచ్చిన మాటల్లో చెప్పు," అన్నారు జడ్జిగారు.

సోమన్న చేతులు కట్టుకున్నాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి ఎన్నెన్ని వివరాలో అడిగిన నేను, ఈ సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడగమని ఏ నిబంధనా లేదు.

"మా నాయన గొర్రెలు, ఒంటెలు మేపేటోడు సార్. యుద్ధమొచ్చినాక తుపాకులోళ్ళు మా ఇంటికాడికొచ్చి, మీది ఏ తెగ అని మా అన్నను అడిగినారు. వాడు నిజం చెప్పినాడు. వాకిట్లోనే కాల్చినారు. వారానికి ఇంగొక గుంపోళ్ళొచ్చినారు. వాళ్ళు మా నాయన్ను అదే అడిగినారు. మా నాయన ఏమీ చెప్పల్యా. ఆయన్నూ కాల్చినారు. ఇదంతా మా మామ రాసినాడు. చెల్లెలు యాడ పోయిందో తెలీదు. చెప్పినోణ్ణీ చంపినారు, చెప్పనోణ్ణీ చంపినారు. ఇప్పుడు నన్ను పంపిస్తే వాళ్ళు నన్నూ అదే అడుగుతారు. నేనేం చెప్పల్ల సార్?"

జడ్జిగారు కలం పట్టుకుని ఏదో రాయబోయారు. అంతలో మా వకీలు గబుక్కున లేచాడు.

"మిలార్డ్, ఇది నోట్ చేసుకోవాలి. తాను ఏమీ చెప్పలేదని పిటిషనరే ఒప్పుకుంటున్నాడు. నేనేం చెప్పలా అంటున్నాడు. అంటే ఇతన్ని ఎవరూ బెదిరించలేదు, ఇతను ఎవరికీ ఏమీ చెప్పలేదు."

జడ్జిగారు కూడా కలం ఆపి, "చెప్పలేదు అన్నాడా?" అన్నారు. ఆయన గోదావరి చెవికీ అలాగే వినిపించి ఉంటుంది. వకీలమ్మది వరంగల్లు. ఆమె కూడా తికమకపడి సోమన్న వైపు చూసింది. సోమన్నకు అసలు గొడవేమిటో అర్థం కాలేదు. అతని ఊళ్ళో అందరూ అలాగే మాట్లాడతారు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. లేచాక కూర్చోవడానికి భయం వేసింది.

"ఎవరమ్మా మీరు?" అన్నారు జడ్జిగారు.

"అనంతపురం... సర్కారు తరఫు, సార్."

"సర్కారు తరఫు వకీలు నిలబడే ఉన్నారు కదా."

"ఆయన చెప్పింది తప్పు సార్," అనేశాను. మా వకీలు వెనక్కి తిరిగి చూసిన చూపును ఏ భాషలోకీ అనువదించనక్కర్లేదు. పక్కనుంచి ఇన్‌స్పెక్టరు నా కొంగు లాగుతూ "కూచోమ్మా, కూచో" అని గొణుగుతున్నాడు. "చెప్పల్ల అంటే చెప్పలేదని కాదు సార్, చెప్పాలి అని. చెప్పలేదు అనడానికి మా వైపు చెప్పల్యా అంటాం. వాళ్ళ నాయన చెప్పల్యా అన్నాడు, అది చెప్పలేదని. నేనేం చెప్పల్ల అంటే, నేనేం చెప్పాలి అని అడుగుతున్నాడు. మిమ్మల్నే అడుగుతున్నాడు సార్."

జడ్జిగారు సోమన్న వైపు తిరిగారు. "అవునా?"

"అవును సార్. ఏం చెప్తే బతుకుతానో మీకు తెలిస్తే చెప్పండి. అదే చెప్తా."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తర్వాత మా వకీలునడిగారు, "సరే, ఉత్తరువు నిలబెట్టాననుకోండి. ఇతన్ని ఎలా పంపుతారు?"

"విమానంలో, మిలార్డ్."

"ఏ విమానంలో?"

మా వకీలు ఇన్‌స్పెక్టరును చూశాడు. ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. అడిగితే దాచొద్దన్న మనిషి ఆయనే. పైగా నేనింకా కూర్చోనే లేదు.

"కనుక్కున్నాం సార్," అన్నాను. "బస్టాండు దగ్గర ట్రావెల్స్‌లో అడిగాం. తిరుపతికి, షిర్డీకి ఉన్నాయి. సొమాలియాకు లేదు." హాలు మళ్ళీ నవ్వింది. అప్పుడు బొంబాయి దాకా కనుక్కున్న సంగతి, పక్క దేశం దిగనివ్వదన్న సంగతి చెప్పాను.

"అంటే ఇతన్ని ఎక్కించడానికి విమానమూ లేదు, దించుకునే దేశమూ లేదు. మరి ఇతను ఎక్కడ ఉండాలని మీ నోటీసు?"

మా వకీలు ఫైలు మూసేశాడు.

జడ్జిగారు అక్కడే ఉత్తరువు చెప్పి రాయించారు. ఎందుకు వచ్చాడన్నదే చూశారు తప్ప, తిరిగి పంపితే ఏమవుతాడన్నది ఎవరూ చూడలేదు కాబట్టి నిరాకరణ చెల్లదు. అర్జీని మళ్ళీ మొదటినుంచి విచారించాలి. ఢిల్లీ శరణార్థుల ఆఫీసుకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి ప్రయాణ అనుమతి ఇవ్వాలి. అంతవరకు అతన్ని ఎక్కడికీ పంపకూడదు. చివర్లో మా వకీలుతో నవ్వుతూ, "ఈసారి అనంతపురం కేసు వస్తే మీ పక్కన ఆమెను కూర్చోబెట్టుకోండి" అన్నారు.

బయట వరండాలో ఇంటామె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఇంగ్లీషులో జరుగుతోందని మొదట్లోనే లేచి వచ్చేసిందట. తెలుగులో జరిగిన అసలు సంగతంతా ఆమె వినలేదు. "గెలిచినారా, ఓడినారా?" అని ఇన్‌స్పెక్టరునే అడిగింది.

"మేము ఓడినామమ్మా. మీవాడు గెలిచినాడు."

ఆమె సోమన్న చెయ్యి పట్టుకుని లేచింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెంటనే, "అయితే సాయంత్రం బస్సుకే పోదాం పదండి, రేపు అంగడి తీయల్ల" అంది.

తిరుగు బస్సులో ఇన్‌స్పెక్టరు, "నీ కొంగు చినిగిందా?" అని అడిగాడు. కొంచెం చినిగిందన్నాను. "నేను గట్టిగా లాగలేదమ్మా. గట్టిగా లాగింటే కూచుంటాంటివి," అన్నాడు.

ఊరికి వచ్చిన పదో రోజున మెమో అందింది. సర్కారు వకీలుకు విరుద్ధంగా, పై అధికారి అనుమతి లేకుండా న్యాయస్థానంలో ఎందుకు మాట్లాడారో సంజాయిషీ ఇవ్వాలి. నేను రాసిన జవాబు నాకింకా గుర్తుంది. 'గౌరవ న్యాయమూర్తిగారు ఒక తెలుగు మాటకు అర్థం అడిగారు. ప్రభుత్వోద్యోగులు తెలుగు వాడుక పెంచాలని మనకు వచ్చిన ఆదేశాన్ని అనుసరించి చెప్పాను.' దాని మీద మా ఆఫీసు పెద్దాయన ఎర్ర సిరాతో ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఆ విషయం ముగించారు. కొట్టేసినదేమిటో వెలుతురుకు పెట్టి చూడటానికి సెక్షన్ సెక్షనంతా ప్రయత్నించాం. కనిపించలేదు.

ఢిల్లీ ఆఫీసు ఈ రెండో అర్జీ చూసి సోమన్నను శరణార్థిగా గుర్తించింది. ఇంకో మంచి కూడా జరిగింది. ఆ ఆఫీసువాళ్ళే వెతికి చెల్లెల్ని కనిపెట్టారు. ఆమె ఎన్నో శిబిరాలు దాటి, ఎక్కడో మంచు పడే దేశానికి చేరుకుని, అక్కడ పెళ్ళి కూడా చేసుకుంది. అన్న బతికి ఉన్నాడని ఆమెకూ తెలియదు. ఆ దేశం సోమన్నను పిలిపించుకోవడానికి ఒప్పుకుంది.

అక్కడే మా శాఖ తన గొప్పతనం మళ్ళీ చూపించుకుంది. గడువు మీరి ఉన్న విదేశీయుడు దేశం విడిచి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి. పొమ్మని నోటీసిచ్చిన మేమే, ఇప్పుడు మేం సరేననేదాకా పోకూడదన్నాం. పై ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది, 'ఇంతకుముందు వెళ్ళమన్నప్పుడు ఎందుకు వెళ్ళలేదు?' మీరు ఓడిపోయారు కాబట్టి అని రాద్దామనుకున్నాను. ఇన్‌స్పెక్టరు ఆపి, 'కోర్టు ఉత్తరువు ప్రకారం' అని రాయించాడు. అనుమతి రావడానికి ఒక వానాకాలం పట్టింది. మా జిల్లాలో వానాకాలం అంటే వాన పడ్డట్టు కాదు, అంతే కాలం గడిచిందని అర్థం.

సోమన్న వెళ్ళే రోజున మధ్యాహ్నం రైలుకు స్టేషనుకు వెళ్ళాను. మనిషి నిజంగా బయల్దేరినట్టు ధ్రువీకరించాలని ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు. ధ్రువీకరణకు పెట్టె మోయనక్కర్లేదు, అయినా మోశాడు. ఇంటామె సంచీ నిండా చెనిక్కాయల పొడి, ఓళిగలు తెచ్చింది.

రైలు వచ్చింది. సంచీలోవి పెట్టెలో సర్దుకుని, సామాను పైన పెట్టాక సోమన్న మళ్ళీ కిందికి దిగాడు. ఇంటామె ముందు నిలబడ్డాడు. కూత వేసినా కదల్లేదు.

"మా, నేను పోను," అన్నాడు. "చెల్లెల్నే ఈడికి రమ్మంటా."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. అంత పొడుగు మనిషిని చూడాలంటే మెడ బాగా వెనక్కి వంచాలి.

"ఆ పిల్ల కాచుకోనుంటాది బేటా. నీకు సొంత మనిషంటూ ఉండేది ఆ పిల్లొక్కతే. ఎక్కు."

"నువ్వు?"

"నాకేమి? నేను ఈడనే ఉంటా. ఎక్కు అంటాండా గదా!"

రెండు చేతులూ అతని వీపుకు ఆనించి తోసింది. రైలు కదులుతుండగా ఎక్కాడు. తలుపు దగ్గర తల వంచుకుని నిలబడి, మేం కనిపించినంతసేపూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

రైలు పోయాక ప్లాట్‌ఫారం మీద మేం ముగ్గురం మిగిలాం. ఇంటామె ముక్కు తుడుచుకుని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"చూసినావాప్పా? అంత పెద్ద సర్కారు పొమ్మంటే పోలేదు. నేను పొమ్మంటే పోయినాడు."

ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలోని ఖాళీ సంచీ తీసుకుని, ఆటోల వైపు ముందు నడిచాడు.